ఉపాధి డబ్బులు ఏ బ్యాంకులో పడ్డాయి?

ఉపాధి పని డబ్బులు రాకపోతే మనం ముందు అనుకునేది ఒకటే, పైనుంచి బిల్లు కాలేదని. చాలాసార్లు అది నిజమే. కానీ 2024 వేసవిలో నాకు బిల్లూ అయింది, డబ్బులూ పడ్డాయి, చేతికి మాత్రం రాలేదు.

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు ఒక పల్లె. మా ఆయన చెన్నైలో బిల్డింగ్ పనులకు వెళ్తారు. పెళ్లయ్యాక అత్త జాబ్ కార్డులోనే నా పేరు ఎక్కించారు. అప్పట్లో ఏడాదికి వంద రోజుల పని మనిషికి కాదు, కుటుంబానికి, కాబట్టి ఆ రోజులు మా ఇద్దరివీ కలిపే లెక్క. ఆ ఏడు మా గ్రూపుకి చెరువులో పూడిక తీసే పని వచ్చింది. పొద్దున్నే గునపం, పార, గమేళా, క్యారేజీలో చోడి అంబలి పట్టుకుని గట్టు మీద ఉండాలి. మేట్, అంటే మా గ్రూపు హాజరు చూసే అమ్మాయి, అందర్నీ నిలబెట్టి ఫోన్లో ఒక ఫోటో తీస్తుంది, నాలుగు గంటలు దాటాక ఇంకొకటి. చెరువు లోపల సిగ్నల్ ఉండదు. ఆ పిల్ల గట్టెక్కి తుమ్మచెట్టు పక్కన నిలబడి, ఫోన్ పైకెత్తి, ఫోటో వెళ్లిందని చూపించేదాకా మమ్మల్ని కదలనివ్వదు. తవ్వినప్పటికన్నా ఆ ఎండలో ఊరికే నిలబడినప్పుడే కళ్లు తిరుగుతాయి. అయినా ఎవరూ నోరెత్తరు, ఫోటోలో లేకపోతే ఆ రోజు హాజరుకే ఎసరు.

కూలి రేటు ఆ ఏప్రిల్‌లోనే 272 నుంచి 300 రూపాయలు అయింది. అలాగని రోజూ మూడొందలు వస్తాయనుకోకండి. కొలతలు తీసి, ఎంత మట్టి తీశామో దాన్ని బట్టి వేస్తారు.

వారం మస్టర్ (హాజరు పట్టీ) మూసి, డబ్బులు పడే రోజులు వచ్చాయి. అత్తకి పడ్డాయి, గ్రూపులో మిగతా వాళ్లకీ పడ్డాయి. నాకు లేవు. తర్వాతి మస్టర్‌కీ అంతే. "ఏటే, నీ డబ్బులు ఎవులు తినేస్తన్నారు?" అని అత్త రోజూ అడగడమే. ఫీల్డ్ అసిస్టెంట్ మా ఊరి కుర్రాడే, వరసకి మరిది. ఫోన్లో చూసి "పడిపోనాయి వదినా, బ్యాంకుకెళ్లి బుక్కు ఎక్కించుకో" అన్నాడు. వెళ్లి ఎక్కించుకుంటే పాస్‌బుక్‌లో ఏమీ లేదు. ఆధార్ లింక్ లేదేమో చూడండి అంటే, అక్కడి సారు కంప్యూటర్ చూసి "లింక్ అయ్యే ఉందమ్మా, మీ ఉపాధి ఆఫీసులో అడుగు" అన్నారు. మండలం ఆఫీసుకి వెళ్తే ఆపరేటర్ జాబ్ కార్డు నంబరు కొట్టి, మస్టర్ తీసి, ఎఫ్‌టీఓ (డబ్బులు పంపిన ఆర్డరు) నంబరు కాగితం మీద రాసిచ్చి, పక్కన "క్రెడిటెడ్", అంటే అకౌంట్‌లో పడ్డాయని కూడా రాశాడు. ఆ ఒక్క మాట స్క్రీన్ మీద కనబడిందంటే ఇంక అది ఎవరి పనీ కాదు. తిట్టుకున్నాను గానీ, ఆలోచిస్తే ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆఫీసు కంప్యూటర్లో డబ్బులు వెళ్లిన మాట నిజం, ఈ బ్యాంకుకి రాని మాటా నిజం.

చిక్కు విప్పింది మా సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్. నేను చూపించిన కాగితం పక్కన పెట్టేసి, "అక్కా, మీ ఆధార్ ఏ బ్యాంకుకి మ్యాప్ అయిందో ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది. ఇదివరకు ఉపాధి డబ్బులు జాబ్ కార్డులో ఇచ్చిన అకౌంట్ నంబరుకి వెళ్లేవట. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ద్వారానే చెల్లించాలని కేంద్రం తప్పనిసరి చేసింది. అంటే మనం ఏ నంబరు ఇచ్చామన్నది చూడరు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర మన ఆధార్‌కి ఎదురుగా ఏ బ్యాంకు ఉంటే అక్కడికే డబ్బు వెళ్తుంది. ఒక ఆధార్‌కి అక్కడ ఒకటే బ్యాంకు, చివరగా ఎక్కించినదే ఉంటుంది. మనం నాలుగు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చి ఉండొచ్చు, నాలుగు చోట్లా "లింక్ అయ్యే ఉంది" అంటారు, అది వేరే లెక్క.

మన ఆధార్ అలా ఏ బ్యాంకుకి ఎక్కిందో చూడటానికి ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంది. కానీ ఓటీపీ కావాలి, నా ఆధార్‌కి ఉన్న ఫోన్ మా ఆయనది. ఆయనేమో అక్కడ స్లాబ్ పనిలో. ఫోన్ ఎత్తేసరికి ఓటీపీ గడువు అయిపోతోంది. చివరికి మధ్యాహ్నం అన్నాల వేళ దొరికారు, ఆరు అంకెలూ చదివారు. స్క్రీన్ మీద వచ్చిన బ్యాంకు పేరు చూస్తే నాకు ముందు అర్థం కాలేదు. కింద తేదీ చూశాక వెలిగింది: 2022, మా పాప కడుపులో ఉన్నప్పటిది.

తొలి కాన్పుకి పొందూరు వైపు మా కన్నవారింటికి వెళ్లాను. మొదటి బిడ్డకి మాతృ వందన పథకం కింద ఐదు వేలు వస్తాయని అక్కడి ఆశా అక్క చెప్పి, దగ్గర్లోని బ్యాంకులో జీరో అకౌంట్ తీయించింది. ఆ డబ్బులు వచ్చాయి, పాప పుట్టింది, నేను అత్తారింటికి వచ్చేశాను. ఆ అకౌంట్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. 2023లో చేసిన కొద్దిపాటి పనికి డబ్బులు ఇక్కడి అకౌంట్‌లోనే పడ్డాయి, కాబట్టి అనుమానమూ రాలేదు. అమ్మకి ఫోన్ చేస్తే "ఆ బుక్కా, రేషన్ కార్డు సంచిలో భద్రంగా ఉందే" అంది.

డబ్బులు తీయడానికి పొందూరు దాకా వెళ్లక్కర్లేకపోయింది. మా పక్క ఊరి కిరాణా కొట్లో వేలిముద్రతో డబ్బులిచ్చే బ్యాంక్ మిత్ర ఉన్నాడు. ఆయన మిషన్లో ఏ బ్యాంకైనా ఎంచుకోవచ్చు, మనం సరైన పేరు చెప్పాలంతే. నా వేళ్లతోనే బాధ. గునపం పట్టీ పట్టీ బొటనవేలు గీతలు అరిగిపోయాయి, మిషన్ తీసుకోదు. తడిగుడ్డతో తుడిపించి, ఒక్కో వేలూ మార్పించి చూశాడు. ఎడమ చేతి ఉంగరం వేలికి పలికింది. రెండు మస్టర్ల డబ్బులూ అందులోనే ఉన్నాయి!

తర్వాత మా బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం అడిగి తీసుకున్నాను. "ఆధార్ లింక్ చేయండి" అని అడిగితే మళ్లీ పాత జవాబే వస్తుంది. "ప్రభుత్వ డబ్బులు ఈ అకౌంట్‌కి వచ్చేలా ఎన్‌పీసీఐ మార్చండి" అని అడగాలి. ఫారంలో ఇదివరకటి బ్యాంకు పేరు రాసే చోటు ఉంటుంది. అక్కర్లేదు వదిలేయమన్నారు, నేను మాత్రం రాశాను. కొన్నాళ్లకి స్టేటస్‌లో మా బ్యాంకు పేరు వచ్చింది, ఆ తర్వాతి మస్టర్ డబ్బులు ఇక్కడే పడ్డాయి.

ఆలస్యానికి పరిహారం ఉంటుందని ఎవరో చెబితే అదీ అడిగాను. మస్టర్ మూసిన పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలి, పదహారో రోజు నుంచి రోజుకి 0.05 శాతం చొప్పున పరిహారం. రెండు వేల కూలికి రోజుకో రూపాయి! నా డబ్బులు గడువులోపే ఒక బ్యాంకులో పడ్డాయి కాబట్టి ఆ రూపాయి కూడా లేదు.

2025 జూన్‌లో, బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులు పదమూడు వేలు పడకముందే మా తోటికోడలి సీడింగ్ స్టేటస్ చూశాను. ఆమెది ఇన్‌యాక్టివ్ అని ఉంది. ముందే ఫారం ఇచ్చింది కాబట్టి డబ్బులు సరిగ్గా వచ్చాయి.

మా గ్రూపులో ఒక మామ్మకి ఇంకా తేలలేదు. ఆమె ఆధార్‌కి ఏ ఫోనూ లేదు, ఓటీపీ రాదు. ఫోన్ నంబరు ఎక్కించాలంటే ఆధార్ సెంటర్లో వేలిముద్ర వేయాలి, ఆవిడ వేళ్లు నా వేళ్లకన్నా అరిగిపోయినవి. ఆ సెంటర్లో కనుపాపలు స్కాన్ చేసే మిషన్ కూడా ఉందట. సోమవారం తీసుకెళ్తానన్నాను. "ఆ రోజు మస్టర్ పోద్దే, ఆదివారం తెరవరా?" అని అడుగుతోంది.