నాన్న కేఎంపీఎల్ డైరీలు

నాన్న ట్రంకు పెట్టె మొన్న సంవత్సరీకం అయ్యాక గానీ తెరవలేదు. ఖాకీ చొక్కాలు రెండు, పాత లైసెన్సు, యూనియన్ రసీదులు, అడుగున రబ్బరు బ్యాండ్లు వేసిన పాకెట్ డైరీలు. 30కి పైనే ఉన్నాయి. "ఏవన్నా కవితలు రాశాడేమోనే" అని తమ్ముడు నవ్వాడు. తెరిస్తే అన్నీ అంకెలే. తేదీ, బస్సు నంబరు, తిరిగిన కిలోమీటర్లు, పోసిన డీజిల్, చివర్న కేఎంపీఎల్.

కేఎంపీఎల్ అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందీ అని. ఆర్టీసీ డ్రైవరు ఇంట్లో పుట్టిన పిల్లలకి అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఆ తర్వాత ఇదే. మార్కాపురం డిపోలో పల్లెవెలుగు నడిపే మా నాన్నకి 5 దాటిన రోజు కూరలో ఉప్పు ఎక్కువైనా తెలిసేది కాదు. శ్రీశైలం డ్యూటీ పడితే మాత్రం మొహం ముడుచుకునేవాడు. దోర్నాల దాటాక నల్లమల ఘాట్. మలుపు మలుపుకీ గేరు మార్చాలి, బండి డీజిల్ తాగేస్తుంది. పైగా రాత్రి 9 గంటలకి అడవి గేటు మూసేస్తే పొద్దున 6 దాకా తియ్యరు. శివరాత్రికి జనమంతా గుళ్లో జాగారం చేస్తే ఆయన స్టీరింగ్ ముందు చేసేవాడు. నాకు తెలిసి ఒక్క శివరాత్రికీ ఇంట్లో లేడు.

ఈ లెక్క ఇంట్లోకీ వచ్చింది. పప్పు ముప్పావు ఉడకగానే వచ్చి స్టవ్ కట్టేసేవాడు. "మిగతాది ఆవిరికే ఉడుకుద్దిలే." బస్సు కూడా అంతేనట. స్టాపు కనపడగానే కాలు తీసేస్తే అదే పోయి ఆగుద్ది, బ్రేకు తొక్కామంటే డబ్బులు తొక్కినట్టే. ఆయనకి లీటర్లు మిగిలేవేమో గానీ మాకు పలుకు పప్పే గతి. నాన్న పిసినారి అని ఒకసారి అమ్మతో అనేశాను. అమ్మ కాదనలేదు.

నైట్ హాల్ట్ డ్యూటీలంటే మాకిష్టం. పెద్దారవీడు మండలంలో ఒక ఊరికి రాత్రి ఆఖరి ట్రిప్పు వెళ్లి, పొద్దున్నే ఫస్ట్ ట్రిప్పు ఎత్తుకుని వచ్చేవాడు. నిద్ర బస్సులోనే. ఎండాకాలమైతే టాపు మీద, టవల్ పరుచుకుని. పొద్దున ఇంటికి వస్తే సంచిలో ఏదో ఒకటి ఉండేది: నాలుగు బీరకాయలు, పచ్చి కందికాయలు, ఓసారి గుడ్డలో చుట్టిన జున్నుపాలు. ఆ ఊళ్లో ఒక ముసలావిడ రోజూ గిన్నెతో మజ్జిగ తెచ్చి డ్రైవరు సీటు పక్కన పెట్టి పోయేదట. ఆవిడకి ఒంట్లో బాగోలేదని తెలిస్తే, మార్కాపురంలో మందులు కొని తీసుకెళ్లేవాడు. ఆ డబ్బులు అడిగాడా, వాళ్లు ఇచ్చారా? డైరీలో ఎక్కడా లేదు.

డైరీలో ఉన్నది ఇంకోటి. 2004 మే నెలలో ఒకరోజు, కేఎంపీఎల్ 5.31 అని రాసి, దాని పక్కన 512 అని ఉంది. కిలోమీటర్లా అంటే ఆ గడి వేరే ఉంది. బస్సు నంబరూ కాదు. నేనూ తమ్ముడూ చాలాసేపు చూశాం. నాకు తట్టేసరికి టీ చల్లారిపోయింది. అది నా టెన్త్ మార్కులు, 600కి. ఆ రోజు ఇంటికొచ్చి "లెక్కల్లో ఎంతమ్మా?" అని మాత్రం అడిగి స్నానానికి వెళ్లిపోయాడు.

2013 డైరీ దగ్గర ఆగిపోయాం. ఆగస్టులో సమైక్యాంధ్ర సమ్మె మొదలై సీమాంధ్రలో బస్సులు రెండు నెలలు కదల్లేదు. తమ్ముడు అప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఆ రెండు నెలల పేజీల్లో బస్సు నంబర్లు లేవు, డీజిల్ లేదు. 200, 200, 250, ఆదివారం నాడు గీత. పలకల ఫ్యాక్టరీ కూలి అది. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దనివాళ్లు మా తరంలో తక్కువే గదా. రాయి కోసే చోట పనికెళ్లి సాయంత్రం కనుబొమ్మల దాకా బూడిదరంగు దుమ్ముతో వచ్చేవాడు. "ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తంది, అందుకని పోతన్నా" అని మాతో చెప్పాడు. నమ్మాం. పాతికేళ్ల ఉద్యోగస్తురాలిని, నేనూ నమ్మాను. ఆ నెల్లో హైదరాబాద్ నుంచి ఎంత పంపానో గుర్తు తెచ్చుకోవాలని ఉండదు.

2016లో రిటైరయ్యాక డైరీలు ఆగిపోయి ఉంటాయనుకున్నాం. ఆగలేదు. బస్సు నంబరు గడిలో "ఎక్సెల్" అని చేరింది. పాత టీవీఎస్ ఎక్సెల్ మీద కూరగాయల మార్కెట్టుకీ, చెన్నకేశవస్వామి గుడికీ, అమ్మని తీసుకుని బస్టాండుకీ. పెట్రోలు, కిలోమీటర్లు, అన్నీ అంతే శ్రద్ధగా. 60కి తగ్గిన నెల లేదు.

ఇప్పుడు ఆ బండి తమ్ముడు వాడుతున్నాడు. డైరీ చూశాక వాడికీ పురుగు కుట్టి లెక్క కట్టాడు. 44 వచ్చింది. వంటింట్లోంచి అమ్మ, "అంత రేజు చేస్తే రాక ఏమైద్దిరా" అంటూ స్టవ్ కట్టేసింది. పప్పు ఇంకా ఉడకలేదు.