సఫా నుంచి మర్వాకు

మక్కా వెళ్ళాలన్న కోరిక మా ఆయనది. పరుపుల కొట్లో వచ్చినదాంట్లో కొంత తీసి హజ్ డబ్బులని పక్కన పెట్టేవారు. కిడ్నీలు పాడయ్యాక ముందుగా ఖర్చయిపోయింది ఆ డబ్బే. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద చేసేవారు గానీ చీరాల నుంచి గుంటూరుకు రానూపోనూ ఛార్జీలు, బయట కొనే మందులు, ఆ రోజుకి కొట్టు మూత, ఇవన్నీ ఏ కార్డూ కట్టదు కదా. చీకటితో రైలెక్కితే ఇంటికొచ్చేసరికి మళ్ళీ చీకటే. ఎవరో ఒక ఆస్పత్రి పేరు చెబితే అక్కడికి, ఇంకెవరో ఆకు పసరంటే అటు. నేను తిరగని చోటు లేదు. ఆఖరికి ఆయన పోయారు.

మట్టికి వచ్చిన బంధువు ఒకావిడ నా పక్కన కూర్చుని "ఇంత తిరిగావు, ఏం లాభం తల్లీ" అంది. జాలితోనే అంది. కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. భర్త పోయినవాళ్ళు పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో గడప దాటకుండా కూర్చున్నప్పుడు అదే చెవిలో మోగేది. నమాజ్ మానలేదు. అల్లాహ్‌ని వేడుకునే దుఆకి చేతులెత్తితే మాత్రం ఏం అడగాలో తోచేది కాదు. ఏడిస్తే "సబర్ చెయ్యి, ఓర్చుకో" అని కసిరేవాళ్ళు. ప్రవక్త (స) తన పసిబిడ్డ ఇబ్రాహీం పోయినప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్నారని, కన్ను చెమ్మగిల్లుతుంది, మనసు బాధపడుతుంది, నోటితో మాత్రం ప్రభువుకు నచ్చని మాట అనం అన్నారని మా తమ్ముడు హదీసు చదివి వినిపించిన రోజు కాస్త ఊపిరాడింది.

చీటీ పాడుకున్న డబ్బుతో తమ్ముడూ నేనూ ఉమ్రాకు, అంటే ఏడాదిలో ఎప్పుడైనా చేసే చిన్న మక్కా యాత్రకు, కట్టాం. హజ్ మా స్తోమతకి అందదు. శంషాబాద్‌లో విమానం ఎక్కడం, గాల్లో ఉండగా ఇహ్రాం (యాత్ర దీక్ష) మొదలవ్వాల్సిన హద్దు మీకాత్ వస్తోందని చెప్పడం, అందరూ ఒక్కసారిగా 'వచ్చాను ప్రభూ' అనే లబ్బైక్ అందుకోవడం, జిద్దా నుంచి బస్సు, ఇదంతా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయింది. హోటల్ మాత్రం బాగా గుర్తుంది. కాబా ఉన్న పెద్ద మసీదు హరమ్ పక్కనే అని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. దిగాక చూస్తే ప్రతి నమాజుకీ బస్సెక్కాలి. ఆ బస్సు కోసం ఎండలో నిలబడ్డప్పుడు నోటి దాకా వచ్చిన మాటలు ఇహ్రాంలో ఉన్నాననే మింగాను.

కాబా మీద తొలి చూపు పడ్డప్పుడు అడిగిన దుఆ కబూల్ అవుతుందంటారు. అందుకని తల వంచుకుని, తమ్ముడి భుజం పట్టుకుని నడిచాను. అడగాల్సినవి వరసగా అనుకుంటూ వెళ్ళాను. పాప పెళ్ళి, కొట్టు అప్పు, అత్తయ్య కళ్ళు. "ఇప్పుడు చూడక్కా" అన్నాడు. చూశాను. నల్లటి తొడుగు గిలాఫ్, దాని మీద బంగారు జరీ అక్షరాలు, చుట్టూ తిరుగుతున్న జనం. అనుకున్నవన్నీ పోయాయి. నోట్లోంచి ఆయన పేరొక్కటే వచ్చింది. అంతలోనే నా ముందు ఒకతను ఫోన్ ఎత్తిపట్టుకుని "దిఖ్ రహా క్యా అమ్మీ" అంటూ వీడియో కాల్‌లో అరవడం మొదలుపెట్టాడు. కాబా కనిపించేది పోయి అతని మోచెయ్యి కనిపించింది. అల్లాహ్ ఇంటి ముందు కూడా ఇదేనా అనిపించింది. వాళ్ళమ్మ కూడా చూడాలి కదా అని తర్వాత తట్టింది, అప్పుడు మాత్రం కోపమే వచ్చింది.

కాబా చుట్టూ ఏడుసార్లు తిరిగే తవాఫ్‌లో తోపులాట చెప్పక్కర్లేదు. కాబా మూలనున్న నల్లరాయి హజరె అస్వద్ దరిదాపుల్లోకి పోవాలన్న ఆశే పెట్టుకోలేదు, దూరం నుంచే చెయ్యెత్తి సలాం చేశాం. అసలు పరీక్ష సయీలో, అంటే సఫా, మర్వా అనే రెండు గుట్టల మధ్య ఏడుసార్లు నడవడంలో, ఎదురైంది.

సఫా నుంచి మర్వాకి 450 మీటర్లు అటూఇటూ ఉంటుంది. ఏడు నడకలంటే మూడు కిలోమీటర్ల పైనే. ఇప్పుడక్కడ అంతా పాలరాయి, ఏసీ, అంతస్తులు. బిడ్డకి నీళ్ళ కోసం ఇక్కడే పరిగెత్తిన బీబీ హాజిరా కాళ్ళ కింద కాలే నేల, నా కాళ్ళ కింద మంచుగడ్డలాంటి రాయి. అసలే మోకాళ్ళ నొప్పులు, ఆ చల్లదనానికి పిక్కలు పట్టేశాయి. వెనక నుంచి వీల్‌చైర్లు మడమలకి తగులుతున్నాయి. పచ్చ లైట్ల మధ్య మగవాళ్ళు పరిగెత్తుతారు, మన ఆడవాళ్ళం నడిస్తే చాలంటారు. నిజానికి అక్కడ పరిగెత్తింది ఒక ఆడమనిషి. ఆమె పరుగు మగవాళ్ళు పరిగెడుతుంటే చూస్తూ నడిచాను.

అయిదో నడక సగంలో ఇక కాలు కదల్లేదు. గోడ పక్కన చతికిలబడ్డాను. తమ్ముడు వీల్‌చైర్ దొరుకుతుందేమోనని వెళ్ళాడు. అందరూ ఒకే రంగు ముసుగులు వేసుకున్న ఇండోనేసియా ఆడవాళ్ళ గుంపు ఒకటి అటు వచ్చింది. అందులోంచి ఒక పెద్దావిడ ఆగింది. మా అత్తయ్య వయసుంటుంది. నా పాదాల వైపు చూసి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. భుజాన ఉన్న సంచిలోంచి మేజోళ్ళ జత తీసి, కింద కూర్చుని, నా కాలు తన ఒళ్ళోకి లాక్కుంది. వద్దమ్మా వద్దమ్మా అని తెలుగులోనే గొడవ చేశాను. పెద్దవాళ్ళు మన కాళ్ళు ముట్టుకుంటే ఎంత సిగ్గుగా ఉంటుంది! ఆవిడ వినలేదు. పిక్కలు గట్టిగా నొక్కి, రెండు కాళ్ళకీ మేజోళ్ళు తొడిగి, పక్కనే ఉన్న కుళాయి నుంచి గ్లాసుతో జమ్‌జమ్ నీళ్ళు తెచ్చి తాగించింది. వాళ్ళ గుంపు ఎప్పుడో వెళ్ళిపోయింది. తమ్ముడు వచ్చేదాకా కదల్లేదు. వచ్చాక నా తల మీద చెయ్యి పెట్టి, ఏదో చదివి, జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేకపోయాను. ఆయన పోయాక నన్నెవరూ కూర్చోబెట్టి సేవ చెయ్యలేదు, నేనూ చేయించుకోలేదు. వెక్కివెక్కి ఏడ్చాను. అక్కడెవరూ ఏడవొద్దనలేదు.

వీల్‌చైర్ వద్దన్నాను. మిగిలింది మెల్లగా నడిచాం. ఆ నడకలోనే నాకు బీబీ హాజిరా సంగతి కొత్తగా తోచింది. ఆ కథ చిన్నప్పటి నుంచీ విన్నదే. భర్త, ప్రవక్త ఇబ్రాహీం (అ) పసిబిడ్డతో ఎడారిలో వదిలి వెళ్తుంటే "ఇది అల్లాహ్ ఆజ్ఞేనా" అని అడిగి, అవునంటే "అయితే ఆయన మమ్మల్ని పాడు కానివ్వడు" అన్న మనిషి. అంత నమ్మకం ఉండి కూడా ఊరికే కూర్చోలేదు, నీళ్ళ కోసం పరిగెత్తింది. తీరా నీళ్ళు సఫా మీదా పుట్టలేదు, మర్వా మీదా పుట్టలేదు. ఎక్కడో పిల్లవాడు ఇస్మాయీల్ ఉన్న చోట పుట్టాయి, ఆ నీళ్ళే జమ్‌జమ్. లాభం లెక్కేస్తే ఆమె తిరుగుడంతా దండగే. అల్లాహ్ దాన్ని దండగ అనలేదు. సఫా మర్వాలు తన చిహ్నాలని ఖురాన్ రెండో సూరా 158వ ఆయతులో చెప్పాడు. రాజు వచ్చినా ఆమె తిరిగినట్టే తిరగాలి, లేకపోతే ఉమ్రా పూర్తి కాదు.

నాకు గుంటూరు రైలు గుర్తొచ్చింది. ఆయన తల నా భుజం మీద పెట్టుకుని నిద్రపోయిన ప్రయాణాలు గుర్తొచ్చాయి. హాజిరా బిడ్డ బతికాడు, మా ఆయన బతకలేదు. ఎందుకన్నదానికి నాకు అక్కడ కూడా జవాబు దొరకలేదు. కానీ ఏం లాభం అని ఇక ఎవరైనా అంటే ఒప్పుకోను.

పవిత్ర స్థలాలు చూపించే జియారత్ రోజున బస్సు జన్నతుల్ మువల్లా ఖబరస్తాన్ పక్క నుంచి వెళ్ళింది. ప్రవక్త భార్య ఖదీజా (ర) సమాధి ఉన్నది అక్కడే. ఆవిడా, ప్రవక్త పెదనాన్న అబూ తాలిబూ ఒకే ఏడాది పోతే దాన్ని దుఃఖ సంవత్సరమన్నారని మౌలానా మైకులో ఉర్దూలో చెప్పారు. మా దూదేకుల ఇళ్ళలో తెలుగే కాబట్టి తమ్ముడు నా చెవిలో తెలుగు చేసి చెప్పాడు. ప్రవక్తకే అలాంటి ఏడాది వచ్చిందంటే నేనెంత అనుకున్నాను. లోపలికి ఆడవాళ్ళని వెళ్ళనివ్వరు. కిటికీలోంచే సలాం చెప్పాను.

తర్వాత తన్‌యీమ్‌లోని మస్జిదె ఆయిషాకి వెళ్ళి మళ్ళీ ఇహ్రాం నియ్యత్ (సంకల్పం) చేసుకుని, ఆయన తరఫున ఇంకో ఉమ్రా చేశాను. ఆ మేజోళ్ళు వేసుకునే చేశాను. ఉమ్రా ముగింపుగా మర్వా దగ్గర తమ్ముడు నా జడ కొస వేలి కణుపంత కత్తిరించాడు. ఆయన హజ్ డబ్బులు ఎటు పోయినా ఆయన పేరు మీద ఇదొక్కటి అయింది.

చీరాల వచ్చిన రోజు అత్తయ్యకి జమ్‌జమ్ ఇచ్చాను. బిస్మిల్లా అని తాగింది. "మావాడి పేరు చెప్పావా అక్కడ?" అంది.

"చెప్పానత్తయ్యా."

"ఇంటిపేరుతోనా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "అన్ని దేశాలవాళ్ళు వస్తారంటగా, అదే పేరుగలవాళ్ళు ఎంతమంది ఉంటారో" అంది.

ఇంటిపేరు, వాళ్ళ నాన్న పేరు, చీరాలని ఊరి పేరు కూడా చెప్పానన్నాను.