కాగితపు పట్టీలతో వెళ్లిన దరఖాస్తు: నా అనుభవం

గణితంలో డిగ్రీ, ఆ తర్వాత రెండేళ్ల బీఈడీ పూర్తిచేసి, సీబీఎస్‌ఈ పాఠశాలల్లో టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) గణితం పోస్టులకు దరఖాస్తు చేయడం మొదలుపెట్టినప్పుడు, నాకున్న అర్హతలన్నీ పోటీలో ఉన్న మిగతావారికీ ఉన్నాయని త్వరగానే అర్థమైంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి టెట్‌ను (ఉపాధ్యాయ అర్హత పరీక్షను) కనీస అర్హతగా ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2010లోనే నిర్ణయించింది. కాబట్టి సీటెట్ (కేంద్ర స్థాయి టెట్) రెండో పేపరులో 150కి 90 మార్కులు తెచ్చుకోవడం అవసరమే గాని, అంతమాత్రాన దరఖాస్తు పైకి రాదు. ప్రభుత్వ బడులకు ఉపాధ్యాయులను తీసుకునే డీఎస్సీలో ఎంపిక మార్కులను బట్టే జరుగుతుంది గనుక అక్కడ మన బోధన గురించి రాసుకునే చోటు ఉండదు. ప్రైవేటు పాఠశాలకు పంపే లేఖలో ఆ చోటు ఉంది, దాన్ని పూర్తిగా వాడుకోవాలని నిశ్చయించుకున్నాను.

కష్టపడి పనిచేస్తాను, పిల్లలంటే ఇష్టం అనే మాటలు ఎవరైనా రాయగలరు. వాటికి బదులు, ఇంటర్న్‌షిప్‌లో నేను చెప్పిన ఒకే ఒక్క పాఠాన్ని లేఖలో వివరించాను. ఆరో తరగతిలో 1/2, 1/3 కూడమంటే చాలామంది లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడి 2/5 అని రాశారు. నేను దాన్ని కొట్టివేయకుండా, 30 సెంటీమీటర్ల కాగితపు పట్టీలు పంచి, అందులో సగం ఎంతో, ఐదింట రెండు వంతులు ఎంతో స్కేలుతో కొలిచి గీత గీయమన్నాను. సగం 15 దగ్గర, 2/5 మాత్రం 12 దగ్గర ఆగింది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వస్తుంది టీచర్ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న పిల్లల్లోంచే రావడం వల్ల మిగతా పాఠం తేలికగా సాగింది: సగమైన 15కి, మూడో వంతైన 10 కలిపితే 25, అంటే అయిదేసి సెంటీమీటర్ల భాగాలు ఆరింటిలో అయిదు, కాబట్టి జవాబు 5/6.

లేఖతోపాటు ఆ పాఠం పీరియడ్ పథకాన్ని, ఒక విద్యార్థి నోటుపుస్తకంలోని పాత జవాబు, సరిదిద్దుకున్న జవాబు రెండూ ఉన్న పేజీ నకలును జతచేశాను. ఇందుకు ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పిల్లవాడి పేరు కనిపించకుండా కప్పేశాను. ఈ జాగ్రత్త ప్రతి ఉపాధ్యాయుడూ పాటించవలసినదని గట్టిగా నమ్ముతాను.

సీబీఎస్‌ఈ పాఠశాలలు తమ ఫలితాలు, ఉపాధ్యాయుల సంఖ్య, స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే ఉపాధ్యాయులు) వివరాలు వెబ్‌సైటులో తప్పనిసరిగా ప్రకటించాలి. ప్రతి పాఠశాలకూ రాసేముందు ఆ పేజీ చదివి, లేఖ చివరి పేరాను దానికి తగినట్టుగా మార్చాను. ఉదాహరణకు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నచోట, లెక్కల్లో వెనకబడిన పిల్లల విషయంలో వారితో కలిసి ఎలా పనిచేయాలనుకుంటున్నానో రాశాను. నా గురించి చెప్పగలవారిగా బీఈడీలో గణిత బోధనా పద్ధతులు నేర్పిన అధ్యాపకురాలి పేరు, ఇంటర్న్‌షిప్ పాఠశాల ప్రధానోపాధ్యాయుల పేరు వారి అనుమతితోనే ఇచ్చాను.

పిలుపు వచ్చిన పాఠశాలలో డెమో క్లాసు ముగిశాక, ప్రిన్సిపాల్ మేడమ్ నా పీరియడ్ పథకం తీసి, "ఇదంతా అయ్యాక కూడా మళ్లీ 2/5 అనే రాసిన పిల్లవాణ్ణి ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. వాడి పక్కన కూర్చుని, ముందు సమభాగాలు చేయడం వచ్చో రాదో చూస్తానని, అక్కడే ఆగిపోయి ఉంటే కూడిక పక్కన పెట్టి ఆ మెట్టు నుంచే మళ్లీ చెబుతానని చెప్పాను. ఆ తర్వాత ఇంటర్వ్యూ మొత్తం ఆ పాఠం చుట్టూనే సాగింది. నా మార్కుల ప్రస్తావన దాదాపు రాలేదు.

ఉద్యోగం ఖాయమయ్యాక, ఏ తరగతులు, వారానికి ఎన్ని పీరియడ్లు, ప్రొబేషన్ ఎంతకాలం అనేవి నియామక పత్రంలో స్పష్టంగా రాయించుకుని, ఆ తర్వాతే సంతకం చేశాను.