వెన్స్‌లీడేల్ బస్సులో పచ్చకామెర్ల కథ

ఇంగ్లండులోని లీడ్స్‌లో మా అల్లుడు ఉదయం ఎనిమిది కొట్టగానే ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంటాడు. ఎంతకీ తగ్గని దగ్గు. డాక్టరు దగ్గర సమయం దొరకాలంటే ఆ గంటలోనే ఫోను చేయాలట. వరుసలో మీ ముందు ఇంతమంది ఉన్నారని అవతల ఒక యంత్రం చెబుతుంటుంది. చివరికి దొరికినా పది నిమిషాలే, అదీ కిందటిసారి చూసిన డాక్టరు కాదు. కుటుంబ వైద్యంలో శిక్షణ పొందుతున్న డాక్టరు ఇంట్లోనే ఉంది కదా, మా అమ్మాయి, ఆమె రాసివ్వకూడదా అంటే సొంతవాళ్లకు వైద్యం చేయడం పద్ధతి కాదట. ఇదెక్కడి చోద్యమని నేను రోజూ సణుగుతుంటే ఆమెకు విసుగొచ్చింది.

"నాన్నా, ఫ్యామిలీ డాక్టరంటే ఎలా ఉండాలో ఈ దేశానికి చూపించినాయన ఊరు దగ్గరలోనే ఉంది. శుక్రవారం నాకు సెలవు, తీసుకెళతాను పద" అంది.

కారు నడపాల్సింది అల్లుడు, అల్లుడికేమో దగ్గు. అందుకని నార్తలర్టన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులు మారుతూ లేబర్న్. ఎంత దూరమైనా ఒకవైపు బస్సు టికెట్టు మూడు పౌండ్లు దాటకూడదని ప్రభుత్వం హద్దు పెట్టిందని అమ్మాయి గర్వంగా చెప్పింది. మూడు పౌండ్లంటే మూడు వందల రూపాయల పైమాట. ఆ డబ్బుతో నేను తెనాలి నుంచి బెజవాడకు రెండుసార్లు వెళ్లొచ్చి మధ్యలో కాఫీ కూడా తాగుతాను. పైగా ఒక బస్సు తప్పితే రెండోదాని కోసం పడిగాపులే. లేబర్న్‌లో ఆ పడిగాపులూ పడ్డాం, టీకి మళ్లీ మూడు పౌండ్లూ పెట్టాం. చూస్తే సంచీ వేడినీళ్లలో ముంచి పాలు పక్కన పెట్టారు. దాన్ని టీ అనడానికి నాకు నోరు రాలేదు.

శుక్రవారం లేబర్న్‌లో సంత. మేము ఎక్కాల్సిన, హాజ్ అనే ఊరికి వెళ్లే బస్సు వచ్చేసరికి సంచులతో, చేతికర్రలతో ముసలివాళ్లంతా ఎక్కారు. డ్రైవరు ఎక్కినవాళ్లను ఎక్కినట్టే పేరు పెట్టి పలకరించాడు. ఒక కాగితం పొట్లం తన పక్కన పెట్టుకుని, దారిలో ఒక ఇంటి గేటు దగ్గర బస్సాపి అక్కడ నిలబడ్డ ఆయన చేతికిచ్చాడు. మందులట. వెనక సీట్లో ఎవరో దగ్గుతున్నారు. కిటికీ అవతల సున్నం, సిమెంటు లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టిన గోడలు కొండల మీదికి పాకాయి. గోడల మధ్య గొర్రెలు.

వెన్స్‌లీడేల్ అనే ఈ లోయకే విలియం పికిల్స్ అనే డాక్టరు వచ్చాడు. 1885లో లీడ్స్‌లో పుట్టినవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఎయిస్‌గార్త్ అనే పల్లెలో ప్రాక్టీసు పెట్టి, యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడే జీవితమంతా గడిపాడు. అమ్మాయి ఇదంతా చెబుతుంటే, "అయితే ఏం? మంచి డాక్టరు. అలాంటివాళ్లు మన ఊళ్లో మాత్రం లేరా?" అన్నాను.

"ఆగు నాన్నా, కామెర్ల సంగతి విను" అంది.

1929లో ఈ లోయలో పచ్చకామెర్లు వ్యాపించాయి. జనాభా ఐదువేల ఏడువందలు, జబ్బు పడినవాళ్లు సుమారు రెండువందల యాభైమంది. అప్పటికి ఈ కామెర్లు ఎలా వస్తాయో, ఒకరి నుంచి ఒకరికి అంటుతాయో లేదో, అంటితే ఎన్నాళ్లకు బయటపడతాయో స్పష్టంగా తెలియదు. మనవైపు పసరు పోసి పథ్యం పెట్టేవాళ్లు, ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడిగేవారు కాదు. పట్నంలో అడిగినా లాభం లేదు. మనిషి రోజుకు వందమందిని రాసుకుంటూ తిరుగుతాడు, ఎవరి దగ్గర అంటిందని చెప్పగలం? ఈ లోయలో అలా కాదు. ఎవరు ఎవరింటికి వెళ్లారో, ఎవరు ఏ సంతకు వెళ్లారో తెలుసుకోవచ్చు. డాక్టరుగారు ఆ పనే పెట్టుకున్నాడు. ఒకరోజు ఉదయం కామెర్లతో మంచం పట్టిన ఒక అమ్మాయిని ఇంటికెళ్లి చూసొచ్చాడు. ఆ రోజే ఊళ్లో జాతర లాంటి వేడుక. ఈ స్థితిలో లేచి వెళుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆమె లేచి, ముస్తాబై, వెళ్లింది! దాదాపు నెల తిరిగేసరికి ఆ వేడుకకు వచ్చినవాళ్లు వరసగా పసుపెక్కారు. అంటిన రోజు ఖాయంగా తెలిసింది కాబట్టి లెక్క తేలింది: ఇరవయ్యారు నుంచి ముప్పయ్యయిదు రోజులు. 1930లో ఆ లెక్క బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఈ రోజు హెపటైటిస్-ఎ అని పిలిచే జబ్బు అదే.

నాకు నవ్వొచ్చింది. ఎవరమ్మాయి ఎక్కడికెళ్లింది, ఎవరింటికి ఎవరొచ్చారు అనే ఆరా మా వీధి అరుగుల మీద ప్రతి సాయంత్రం నడిచేది. దాన్ని మేము ఊసుపోని కబుర్లు అనుకున్నాం. ఈయన తేదీలు వేసి శాస్త్రం చేశాడు.

అమ్మాయి తన ఫోనులో ఆయన పటాలు చూపించింది. గళ్ల కాగితం మీద ఒక్కో ఊరికి ఒక వరుస, ఒక్కో రోజుకు ఒక గడి, ఒక్కో జబ్బుకు ఒక్కో రంగు. ఆయన ఇళ్లు తిరిగి రాసుకొస్తే, భార్యా తర్వాత కూతురూ ఆ గళ్లు నింపేవారు. ఏళ్ల తరబడి. 1939లో అది పుస్తకమైంది. 1953లో ఈ దేశపు కుటుంబ వైద్యుల కళాశాలకు మొదటి అధ్యక్షుడిగా ఆయన్నే కూర్చోబెట్టారు. మా అమ్మాయి చదువుతున్న పరీక్ష ఆ కళాశాలదే.

పక్క సీటులో ఒక పెద్దావిడ. ఒళ్లో సంచీ, సంచీలో ఉల్లికాడలు. మేము ఫోనులో చూస్తున్న బొమ్మ వైపు తొంగిచూసి అమ్మాయితో ఏదో అంది. చిన్నప్పుడు తనకు తట్టు పోసిందనీ, ఆ డాక్టరే వచ్చి చూశాడనీ.

"అయితే మీరు ఈ గళ్లలో ఎక్కడో ఉంటారండీ" అంది అమ్మాయి.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తన ఊరి వరుస వెతికి, గోరుతో ఒక గడి మీద తట్టి, తన కంటే ముందు తన అన్నకు వచ్చిందనీ, బడి నుంచి వాడే తెచ్చాడనీ చెప్పింది. ఆ పటం వేరే సంవత్సరాలదని అమ్మాయికి తెలుసు. చెప్పలేదు. ఆవిడ మాత్రం ఎనభై ఏళ్ల వయసులో అన్న మీద నేరం రుజువైనంత సంతోషపడింది.

ఎయిస్‌గార్త్‌లో దిగి మూడంచెల జలపాతం చూశాం. బాగానే ఉంది. ఎత్తిపోతల చూసినవాడికి అది వాగు గెంతినట్టే. వాన మొదలైంది, నా కాళ్లు తడిశాయి, అక్కణ్నుంచి చికాకు.

చికాకులో నాకు మా తెనాలి డాక్టరుగారు గుర్తొచ్చారు. ఆయన కాంపౌండరు ఎర్రటి మిక్స్చరు సీసాలో పోసి, దాని మీద గాట్లు కత్తిరించిన కాగితం చీటీ అంటించేవాడు, పూటకొక గాటు. డాక్టరుగారు నాడి పట్టుకుని అడిగే మొదటి ప్రశ్న జ్వరం గురించి కాదు. "మీ మేనత్త ఊరి నుంచి ఎప్పుడొచ్చింది రా?" అనేవారు. మా ఇంట్లో గవదబిళ్లలు ఏ పెళ్లి నుంచి వచ్చాయో ఆయనకు మా అమ్మ కంటే బాగా తెలుసు. ఎయిస్‌గార్త్ డాక్టరుకు తెలిసిందంతా మా డాక్టరుకూ తెలుసునని అమ్మాయితో వాదించాను.

"తెలిసే ఉంటుంది. రాసిపెట్టారా మరి?" అంది.

తిరుగు బస్సులో కూర్చుని తమ్ముడికి ఫోను చేశాను. అక్కడ అప్పటికి రాత్రయింది. డాక్టరుగారు ఏమైనా రాసుకునేవారా, ఆయన పుస్తకాలేమైనా మిగిలాయా అని అడిగాను.

"ఒక పుస్తకం ఉండేది అన్నయ్యా, నాకు బాగా గుర్తు. అప్పుల పుస్తకం. ఫీజు ఇవ్వనివాళ్ల పేర్లు అందులో రాసేవారు, ఎవరినీ అడిగింది మాత్రం లేదు" అన్నాడు.

అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "బాబాయ్, అందులో తేదీలు ఉండేవా? ఏ వీధి, ఎవరిల్లు అని ఉండేదా?"

"అన్నీ ఉండేవమ్మా. ఊళ్లో సగంమంది ఉండేవాళ్లం."

"అది ఇప్పుడెక్కడుంది?"

ఇల్లు అమ్మినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి వేశారట. కిలో ఎంతకు పోయిందో కూడా మా తమ్ముడికి గుర్తుంది.