ప్రఖోన్ చాయ్‌లో యాయి ఇంట సోంగ్‌క్రాన్

థాయ్‌లాండ్ కొత్త సంవత్సరం పండగ సోంగ్‌క్రాన్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది రీల్స్‌లో కనిపించే నీళ్ళ తుపాకులు, బ్యాంకాక్ ఖావో శాన్ రోడ్డు మీద తడిసి ముద్దయిన జనం. ఇంటర్ అయ్యాక ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా అక్కడ ఉన్నప్పుడు నాకు ఆ పండగ వేరేలా దొరికింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా హోస్ట్ ఫ్యామిలీ ఉండేది బ్యాంకాక్‌ని ఆనుకుని ఉన్న నోంథబురిలో. అమ్మని మే అని, నాన్నని ఫో అని పిలిచేదాన్ని. నాకంటే పెద్దవాడైన అబ్బాయి పీ, చిన్నమ్మాయి నోంగ్. మే పుట్టిల్లు బురీరామ్ రాష్ట్రంలో, కంబోడియా సరిహద్దు వైపు ప్రఖోన్ చాయ్ దగ్గర ఒక పల్లె. అక్కడ యాయి, అంటే మే వాళ్ళమ్మ, ఉంటుంది. ఏప్రిల్ 13, 14, 15 పండగ రోజులు. ఎవరు ఎంత దూరంలో ఉన్నా ఆ రోజుల్లో తల్లి దగ్గరికి చేరాల్సిందే.

12 రాత్రి భోజనాలు కాగానే బయల్దేరాం. సరాబురి దాటాక మిత్రఫాప్ హైవే మీద బండి కదిలితే ఒట్టు. సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. బ్యాంకాక్ ఫ్యాక్టరీల్లో, హోటళ్ళలో, టాక్సీల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఈసాన్, అంటే ఈశాన్య థాయ్‌లాండ్, వాళ్ళే. అందరూ ఆ రాత్రే ఊరికి పోతున్నారు. పెట్రోల్ బంకులో ఆగితే పికప్ ట్రక్కుల వెనక చాపలు పరుచుకుని, సంచుల మధ్య పిల్లలు నిద్రపోతున్నారు. తెల్లారేసరికి లామ్ తఖోంగ్ జలాశయం పక్కన ఉన్నాం. నీళ్ళకి అవతల కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. సీఖియూ దగ్గర 24వ నంబరు హైవే ఎక్కాక గానీ ఫో ముఖంలో టెన్షన్ తగ్గలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే మే భాష మారిపోయింది. యాయితో ఖ్మేర్‌లో, అంటే కంబోడియా వాళ్ళ భాషలో, మాట్లాడుతోంది. బురీరామ్ దక్షిణాన, సురిన్, సీసకేట్ రాష్ట్రాల్లో తరతరాలుగా ఖ్మేర్ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. పీకి కొంత అర్థమవుతుంది, నోంగ్‌కి అసలు రాదు. అమ్మమ్మ ఏమందో తెలియక నోంగ్ వాళ్ళమ్మ ముఖం చూస్తుంటే నాకు బాధేసింది. హైదరాబాద్‌లో పెరుగుతున్న మా పెద్దనాన్న మనవలు మా నాయనమ్మ శ్రీకాకుళం మాట వినగానే ఇలాగే చూస్తారు.

అన్నం సంగతి కూడా చెప్పాలి. ఈసాన్ అంటే వెదురు బుట్టలో జిగురన్నం అని చదివి వెళ్ళాను. యాయి ఇంట్లో మాత్రం మామూలు జాస్మిన్ బియ్యం అన్నమే. ఖ్మేర్ మాట్లాడే ఇళ్ళలో అదే అలవాటు. దాంతో పాటు కుంగ్ చోమ్ పెట్టారు. ప్రఖోన్ చాయ్‌కి పేరు తెచ్చిన వంటకం అది. మంచినీటి చిన్న రొయ్యల్ని చేపల సాస్‌లో, వేయించిన బియ్యప్పొడిలో ఊరబెడతారు. యాయి దాన్ని గుడ్డుతో కలిపి వేయించి, పచ్చి కూరగాయల ముక్కలతో ఇచ్చింది. పులుపు, ఉప్పు, రొయ్య వాసన. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. యాయి వేరే ఏమీ అడగకుండా గిన్నె నా వైపు జరిపింది.

13 పొద్దున్నే గుడికి వెళ్ళాం. భిక్షువులకి భోజనం ఇచ్చాక అందరూ బకెట్లలో ఇసుక మోసుకొచ్చి ఆవరణలో చెడీలు, అంటే చిన్న స్తూపాలు, కట్టారు. ఏడాది పొడుగునా గుడికి వచ్చినవాళ్ళ కాళ్ళకి అంటుకుని బయటికి పోయిన ఇసుకని అలా తిరిగి ఇచ్చేస్తారట. ఇసుక తడిపి, అరచేత్తో అదిమి, పైన పూలు, రంగు కాగితం జెండాలు గుచ్చాం. తెలియకుండా తీసుకుపోయినదానికి కూడా లెక్క చెప్పే ఈ ఆచారం నాకు ఎంతో నచ్చింది.

మధ్యాహ్నం అసలు కార్యక్రమం. యాయిని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టారు. దాచుకున్న పట్టు బట్ట కట్టుకుంది. ఒళ్ళో వెడల్పాటి గిన్నె పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ దోసిలి పట్టింది. పక్కనే వెండి గిన్నెలో నీళ్ళు, అందులో మల్లెలు, గులాబీ రేకులు, నామ్ ఓప్ అనే సువాసన నీళ్ళు కొన్ని చుక్కలు. వయసు ప్రకారం వరస. ముందు పెద్ద మామయ్య, తర్వాత మే, ఆమె తమ్ముళ్ళు, కోడళ్ళు, ఆ తర్వాత మనవలు. పీ లేచాక నోంగ్ లేవబోయింది. మే దాని భుజం మీద చెయ్యేసి ఆపి, నన్ను చూసి తల ఊపింది. వయసులో నేను వాళ్ళిద్దరికీ మధ్య. అక్కడ ఎవరూ దాని గురించి ఒక్క మాటా అనలేదు, అతిథి అని విడిగా కూర్చోబెట్టనూ లేదు. ఆ వరసలో నా చోటు ఎక్కడో వాళ్ళకి ముందే తెలుసు.

మోకాళ్ళ మీద కూర్చుని యాయి చేతుల మీద నీళ్ళు పోశాను. వరి పొలంలో పనిచేసిన చేతులు. వేళ్ళ కణుపులు లావెక్కాయి, ఒక బొటనవేలి గోరు చీలి, అలాగే పెరిగింది. ఆమె తడి చెయ్యి నా తల మీద పెట్టి ఖ్మేర్‌లో చాలాసేపు దీవించింది. మే థాయ్‌లో నాకు క్లుప్తంగా చెప్పింది: "ఆరోగ్యంగా ఉండమంటోంది. మీ అమ్మ నీకోసం ఎదురుచూస్తుంటుంది, క్షేమంగా తిరిగి వెళ్ళమంటోంది." తర్వాత యాయి మా అందరి మణికట్లకి తెల్ల నూలు దారాలు కట్టింది.

సాయంత్రం రోడ్డు మీద నీళ్ళాట మామూలే. పికప్‌లో డ్రమ్ములు, బుగ్గలకి తెల్ల సుద్ద. బాగుంది, కానీ దాని వీడియోలు అందరూ చూసేశారు.

మర్నాడు పనోమ్ రుంగ్ వెళ్ళాం. చల్లారిపోయిన అగ్నిపర్వతం మీద ఖ్మేర్ రాజుల కాలంలో కట్టిన శివాలయం. ప్రధాన గోపురం 12వ శతాబ్దానిది. ఏప్రిల్ మొదటి వారంలో సూర్యోదయం పదిహేను ద్వారాల గుండా నేరుగా కనిపిస్తుంది. మేము వెళ్ళేసరికి అది అయిపోయింది. తూర్పు ద్వారం పైన నటరాజు, ఆయన కింద శేషశయనుడైన విష్ణువు, బొడ్డు తామరలో బ్రహ్మ, పాదాల దగ్గర లక్ష్మి. అది చూసి నేను గబగబా కథ మొదలుపెడితే, నోంగ్ కూడా తనకి తెలిసిన ఫ్రా నారాయ్, అంటే విష్ణువు, కథ చెప్పింది. ఆ విష్ణువు ఉన్న రాయి 1960ల్లో మాయమై షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తేలింది. థాయ్ ప్రజలు గట్టిగా పట్టుబట్టాక 1988లో తిరిగొచ్చింది. అప్పుడు మే స్కూల్లో చదువుతోందట. యాయి ఆమెని చెయ్యి పట్టుకుని కొండెక్కించి చూపించిందని చెబుతూ మే ఆ ద్వారం ముందు చాలాసేపు నిలబడింది. దొంగిలించిన దేవుణ్ణి పట్టు వదలకుండా వెనక్కి తెచ్చుకున్న జనం అంటే నాకు గౌరవం. మన గుళ్ళ నుంచి పోయిన విగ్రహాల విషయంలోనూ అంత పట్టుదల ఉండాలి.

తిరుగు ప్రయాణం రోజు యాయి సొంత పొలం బియ్యం బస్తాలు, కుంగ్ చోమ్ సీసాలు డిక్కీలో పెట్టించింది. ఎవరి వాటా ఎంతో ఆవిడే వేలు చూపించి చెప్పింది. పీ హాస్టల్‌కి రెండు సీసాలు, ఫో ఆఫీసువాళ్ళకి ఒకటి. మరో సీసాకి మూత బిగించి, కవర్లో చుట్టి, నా చేతికే ఇచ్చింది.