ప్లౌ వేసిపోయిన గట్టు

ఇంటి ముందు మంచును ఎత్తి అవతలకు విసిరే మిషన్, స్నో బ్లోవర్, కొందామని నేను అన్నప్పుడు మా ఆవిడ అడిగిన మొదటి మాట, "మన వీసా ఎప్పటిదాకా ఉందండీ?"

అడగాల్సిన ప్రశ్నే. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళం. మూడేళ్ళకోసారి పొడిగింపు. గ్రీన్ కార్డు క్యూ మనవాళ్ళకు ఎంత పొడుగో చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, దొరక్కపోతే పెట్టెలు సర్దుకోవాలి. ఆ పెట్టెల్లో వంద కిలోలు దాటే ఇనుప మిషన్‌ను ఎక్కడ సర్దుతాం? బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్ళు పనిచేస్తుందని షాపువాడు చెప్పాడు. "దానికున్న గ్యారంటీ మనకు లేదుగా" అంది ఆవిడ. ఆ ఏడాది కొనలేదు. 30 డాలర్లు పెట్టి ఒక పార కొన్నాం.

మేముండేది బఫెలో పక్కన ఆమ్‌హర్స్ట్‌లో. న్యూయార్క్ రాష్ట్రమే గాని, టైమ్స్ స్క్వేర్ దగ్గర్నుంచి మా ఇంటికి కారులో ఆరు గంటలు పైనే. పక్కనే ఈరీ సరస్సు ఉంది. చలికాలం మొదట్లో సరస్సు నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. వాటి మీదుగా ఉత్తరాది చలిగాలి వస్తూ వస్తూ తేమను ఎత్తుకుని, గట్టెక్కగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఏడాదికి సగటున 95 అంగుళాలు, అంటే దాదాపు ఎనిమిది అడుగులు. అదీ అంతటా సమానంగా పడదు, మేఘం సన్నటి పట్టీలాగా వస్తుంది. 2022 నవంబరులో మాకు దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లో దాదాపు ఏడడుగులు పడి, అక్కడ జరగాల్సిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ను డెట్రాయిట్‌కు మార్చుకున్నారు. అదే వారం మా వైపు చాలా తక్కువ పడింది. మా రెంటచింతలలో ఒక వీధిలో వాన పడి పక్క వీధి పొడిగా ఉండటం చూశాను గాని, మరీ ఈ తేడానా!

రెంటచింతల అంటే తెలుసుగా. ఎండాకాలం వార్తల్లో తప్ప ఎప్పుడూ కనపడని ఊరు. అక్కడ పుట్టి పెరిగినవాణ్ణి పార పట్టుకుని మంచు ఎత్తుతుంటే మొదటి రోజు సరదాగానే ఉంది. ఫోటోలు కూడా దిగాం. మూడో రోజుకు నడుము పట్టేసింది. ఒకసారి కూర్చుని లెక్క వేశాను. మా డ్రైవ్‌వే, అంటే రోడ్డు నుంచి గరాజ్ దాకా కారు దారి, 60 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. అడుగు మంచు పడితే, మామూలు మంచైతే, బరువు 2,700 కిలోలు దాటుతుంది. 75 కిలోల వడ్ల బస్తాలు 36. ఉదయం 7:30కి హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉంటుంది, వాళ్ళకప్పుడు సాయంత్రం 6. ఆ కాల్ లోపల 36 బస్తాలు మోసి, స్నానం చేసి కెమెరా ముందు కూర్చోవాలి. "సార్, మీ ముక్కు ఎర్రగా ఉంది, జలుబా?" అని అడిగేవాళ్ళు అక్కడి పిల్లలు.

ఆ 36 బస్తాలైనా నయం. డ్రైవ్‌వే అంతా ఎత్తి ఇంట్లోకి రాగానే, టౌన్ వాళ్ళ ప్లౌ లారీ రోడ్డు మంచంతా పక్కకు నెట్టుకుంటూ పోయేది. మన డ్రైవ్‌వే మూతి దగ్గర పొలం గట్టులాగా అడ్డంగా పరిచి పోయేది. ఆ గట్టు దూదిలాంటి మంచు కాదు. రోడ్డు బురద, ఉప్పు, ఐసు గడ్డలు కలిసి గంటలో రాయైపోతుంది. రెండో చలికాలంలో ఒకరోజు ఆ గట్టు మీద పార పిడి విరిగింది. ఆ రాత్రి మా ఆవిడే లాప్‌టాప్ తెరిచి మిషన్లు చూడటం మొదలుపెట్టింది.

చూస్తే అదో పెద్ద పురాణం. సింగిల్ స్టేజ్ అని ఒక రకం. రబ్బరు రెక్కలు నేలను రాసుకుంటూ తిరిగి మంచును నేరుగా గొట్టంలోంచి విసురుతాయి. తేలిక, చవక. ఆరేడు అంగుళాల దాకా హాయిగా లాగేస్తుంది, నేల కనపడేలా శుభ్రం చేస్తుంది. కంకర దారి మీద మాత్రం పనికిరాదు, రాళ్ళు ఎగురుతాయి. గట్టు ముందు నిలబడితే మేకపిల్లలాగా వెనక్కి జరుగుతుంది. రెండోది టూ స్టేజ్. ముందు ఇనుప మరలు మంచును నమిలి లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాన్ దాన్ని ఎత్తి 40 అడుగుల అవతల పడేస్తుంది. చక్రాలను ఇంజినే తిప్పుతుంది, మనం పట్టుకుని నడవడమే. త్రీ స్టేజ్ అని కూడా ఉంది గాని, మా ఇంటికి అది గుర్రపు బండికి రైలింజిన్ కట్టడమే. బ్యాటరీవి చప్పుడు చెయ్యవు, పెట్రోలు కంపు ఉండదు. కానీ చలికి ఛార్జి త్వరగా దిగిపోతుందని, గట్టు దగ్గరకు వచ్చేసరికి చతికిలపడుతుందని భయపడ్డాను. రెండు కార్లు పట్టేంత చిన్న డ్రైవ్‌వే ఉన్నవాళ్ళు ఇప్పుడు అడిగితే బ్యాటరీదే తీసుకోమంటాను. మాది చిన్నది కాదు.

2021 అక్టోబరులో 24 అంగుళాల టూ స్టేజ్ కొన్నాం, నారింజ రంగు ఏరియన్స్ కంపెనీది. ఎర్ర టోరోకు దీనికి మధ్య రెండు వారాలు ఊగాను. చివరికి మా వీధి చివర షాపులో దీనికి రిపేరు చేసే మెకానిక్ ఉన్నాడని ఇది తీసుకున్నాను. పన్నుతో కలిపి 1,300 డాలర్ల పైచిలుకు. ఇంజిన్ 254 సీసీ, కాలేజీలో నేను నడిపిన పల్సర్ 150 కన్నా పెద్దది. మా ఆవిడ ఆ డబ్బుతో ఇండియా టికెట్ ఎంతవుతుందో చెప్పింది. చెప్పి ఊరుకుంది, అదే గొప్ప.

మొదటి మంచు రోజు నాన్నకు వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. గొట్టంలోంచి తెల్లగా ఎగురుతున్న మంచును కాసేపు చూసి, "ఒరేయ్, ఇది తూర్పార పట్టినట్టే ఉంది గదరా" అన్నాడు. నేను నవ్వేలోపే గాలి తిరిగి ఆ తెలుపంతా నా మొహాన కొట్టింది. "గాలివాలు చూసుకోవద్దూ? గాలికి ఎదురుగా చేట ఎత్తుతారా ఎవరైనా?" 13 వేల కిలోమీటర్ల అవతల మంచం మీద కూర్చుని, మంచు అనేది ఎన్నడూ చూడని మనిషి చెప్పిన ఆ మాట మిషన్‌తో వచ్చిన పుస్తకంలోనూ ఉంది, నేను చదవలేదంతే. అప్పట్నుంచీ ముందు గాలి ఎటుందో చూసి ఆ వైపు నుంచి మొదలుపెడతాను. రోడ్డు మీదకు మాత్రం విసరను. మా రాష్ట్రంలో అది చట్టవిరుద్ధం.

ఇక ఇరుగుపొరుగు. ఎడమ పక్కింటావిడ నర్సు, ఉదయం ఏడుకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటోంది. మిషన్ ఎలాగూ బయటకు తీశాం, ఇంకో పావుగంటేగా అని ఒకరోజు అయిదున్నరకే ఆమె గట్టు కూడా తెంపాను. మర్నాడు మా తలుపు సందులో ఒక కవరు, లోపల 20 డాలర్ల నోటు. తీసుకోవడానికి లేదు. హెచ్-1బి మీద ఉన్నవాడు తన కంపెనీ పని తప్ప ఇంకో పని చేసి డబ్బు తీసుకోకూడదు. 20 డాలర్లకు ఎవరొచ్చి పట్టుకుంటారులే గాని, పొడిగింపు కాగితాలు నింపేటప్పుడు నా గుండె చప్పుడు నాకు తెలుసు. నోటు తిరిగి ఇస్తూ ఈ సంగతి చెబితే ఆమె నమ్మలేదు. "మంచు ఎత్తడానికి కూడా వీసా కావాలా?" అంది. ఎత్తడానికి అక్కర్లేదు, ఎత్తినందుకు పుచ్చుకోవడానికే అన్నాను.

సాయంత్రం అరటిపండు బ్రెడ్ వచ్చింది. ఊరుకుంటే మా ఆవిడ ఎందుకవుతుంది, సంక్రాంతి రోజులు గదా, అరిసెలు పంపింది. ఆ అరిసె తిని పక్కింటావిడ "మీ ఈ కుకీ కాస్త నూనెగా ఉంది, కానీ ఇంకో రెండు ఉన్నాయా?" అని మెసేజ్ పెట్టింది. మా ఊళ్ళో నాట్లకు, కోతలకు ఒకరి పొలంలోకి ఒకరు బదులుకు వెళ్ళేవాళ్ళు. కూలి ఉండదు, లెక్క మాత్రం ఉంటుంది, ఎవరూ రాసుకోరు. ఇదీ అలాంటిదేనని నేను పొంగిపోయాను. ఆ పొంగు మీదే ఎదురింటాయన డ్రైవ్‌వే కూడా చేశాను.

ఆయనకు 80కి దగ్గర. లాకవన్నా ప్లాంట్‌లో 1983లో ఉక్కు తీయడం ఆగిపోయేదాకా పనిచేసిన మనిషి. పొద్దున్నే ఒక పాత అల్యూమినియం పారతో మెల్లగా, గీత గీసినట్టు మంచు తీసేవాడు. పాపం ముసలాయన, ఈ రోజు లేచేసరికి ఆశ్చర్యపోతాడు అనుకున్నాను. ఆశ్చర్యపోయాడు. తలుపు తీసుకుని బయటికొచ్చి, "నిన్నెవరు అడిగారు?" అన్నాడు. నా మిషన్ అంచు ఆయన పచ్చికను మూరెడు చెక్కేసింది కూడా. "నాకింకా చేతులున్నాయి, చూశావా" అని రెండు చేతులూ ముందుకు చాపాడు. ఏం చెప్పాలో తెలియక సారీ అని వచ్చేశాను. ఆ రోజు కాల్‌లో ఏం మాట్లాడానో గుర్తులేదు.

నిజం చెప్పాలంటే నాకు కోపం కూడా వచ్చింది. ఉచితంగా చేస్తే ఇదా అని. కానీ అదే పని మా నాన్నకు ఎవరైనా చేసి ఉంటే? అడక్కుండా వచ్చి ఆయన కళ్ళంలో తూర్పార పట్టి పోతే? కర్ర తీసుకుని ఊరి పొలిమేర దాకా తరిమేవాడు.

నెల తర్వాత మళ్ళీ ఆయనే కేకేశాడు. నా మిషన్ గొట్టంలో తడి మంచు ఇరుక్కుంది. ఇంజిన్ ఆపాను గదా అని లోపలికి చెయ్యి పెట్టబోతున్నాను. "చెయ్యి తియ్!" అని వీధంతా వినపడేలా అరిచి, రోడ్డు దాటి వచ్చాడు. ఇంజిన్ ఆగినా బిగుసుకున్న మరలో ఇంకా బలం ఉంటుందట, అడ్డు తొలగగానే ఒక్కసారి తిరుగుతుందట. వేళ్ళు పోవడానికి అది చాలు. మిషన్ నెత్తిన ఒక ప్లాస్టిక్ కర్ర తగిలించి ఉంటుంది, ఆ పనికే. నేనది అలంకారం అనుకున్నాను. ఆయన ఆ కర్రతో పొడిచి గడ్డ తీసి, తన ఇంటి వైపు చూపించి అన్నాడు: "ప్లౌ వేసిన గట్టు ఉందే, అది నువ్వు చూసుకో. మిగతాది నాది. పచ్చిక జోలికి రావద్దు." ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది.

2022 డిసెంబరు 23 నాడు వచ్చిన తుపానులో మిషన్ గరాజ్‌లోంచి కదల్లేదు. గాలి గంటకు 70 మైళ్ళు దాటింది, కిటికీలోంచి చూస్తే సొంత మెయిల్ బాక్సు కనపడలేదు. కార్లు బయటికి తియ్యొద్దని కౌంటీ నిషేధం పెట్టింది. తుపాను జోరు 37 గంటలు తగ్గలేదు. మా కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు, కార్లలో ఇరుక్కుని కొందరు, కరెంటు లేని ఇళ్ళల్లో కొందరు. పక్కింటి నర్సు ఆసుపత్రిలోనే చిక్కుకుపోయి ఫోన్ చేసింది. కూతురు ఒక్కతే ఇంట్లో ఉంది, హీటర్ పొగగొట్టం మంచులో పూడిందేమో చూడమని. ఆ గొట్టం గోడకు అడుగున్నర ఎత్తులో ఉంటుంది, మూసుకుపోతే పొగ ఇంట్లోకే తిరుగుతుంది. మా గోడ నుంచి వాళ్ళ గోడకు 20 అడుగులు. మా ఆవిడ నా నడుముకు తాడు కట్టి ఈ చివర పట్టుకుంది. చేతులతోనే తవ్వాను. పాప లోపల్నుంచి కిటికీ మీద తడుతూ గొట్టం ఎటుందో చూపించింది.

గాలి తగ్గాక మిషన్ తీశాను. నడుము లోతు మంచు, పైపొర కొంచెం కొంచెం కొట్టుకుంటూ పోవాలి. ఎవరిదో పూడిపోయిన పేపర్ కట్ట మరలో పడి టక్కున షియర్ పిన్ను తెగింది. గేర్ విరక్కుండా తాను తెగిపోవడమే దాని పని. కొత్తది వేసుకుని లేచేసరికి ఎదురింటాయన పార భుజాన వేసుకుని వచ్చి, మంచులో ఒకచోట పారతో నిలువుగా గుచ్చి నిలబడ్డాడు. అక్కడ ఫైర్ హైడ్రెంట్, అంటే మంటలార్పేవాళ్ళు నీళ్ళు పట్టుకునే గొట్టం, ఉందట. నేను ఆ వీధిలో మూడేళ్ళుగా ఉండి అది ఎక్కడుందో గమనించలేదు. ఆయన పార గుచ్చిన చోటే తవ్వితే ఎర్రటి మూత బయటపడింది.

తరువాతి మార్చిలో ట్యాంకులో పెట్రోలు వదిలేసి, ఆ నవంబరులో కార్బ్యురేటర్ జిగురు పట్టి మెకానిక్‌కు 140 డాలర్లు సమర్పించుకున్నాను. ఇప్పుడు సీజన్ అయిపోగానే ట్యాంకు ఎండేదాకా నడిపి ఆపుతున్నాను.

మొన్న అక్టోబరులో పొడిగింపు కాగితం వచ్చింది, ఇంకో మూడేళ్ళు. అదే రోజు షియర్ పిన్నులు ఆర్డర్ పెడుతూ కూర్చున్నాను. మా ఆవిడ వెనక నుంచి స్క్రీన్ చూసి, "ఆ పెద్ద పాకెట్ తీసుకోండి, చవక పడుతుంది" అంది.