ఫైల్ తేలికవ్వాలి, సర్వే నంబరు చెదరొద్దు

నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, దేవరకొండ బస్టాండ్ దగ్గరైనా నెట్ సెంటర్లలో రోజూ వినబడే మాట: "ఫైల్ ఎక్కుతలేదన్నా, జర సైజు తగ్గించు." వెంటనే ఏదో ఒక కంప్రెస్ సైట్‌లో పడేస్తారు. సైజు తగ్గుతుంది, దాంతోపాటు పహాణీలో (భూమి రికార్డులో) అంకెలూ మసకబారతాయి. బరువు ఎక్కడుందో చూడకుండా పిండితే అంతే.

బరువంతా చుక్కల్లో ఉంటుంది. ఏ4 కాయితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే అడ్డం 2480, నిలువు 3508, అంటే దాదాపు 87 లక్షల చుక్కలు. కలర్ అయితే చుక్కకు 3 బైట్లు, మొత్తం 26 ఎంబీ. గ్రేస్కేల్‌లో (రంగుల్లేకుండా బూడిద ఛాయల్లో) 8.7 ఎంబీ. నలుపు-తెలుపులో చుక్కకు ఒక్క బిట్టే (బైటులో ఎనిమిదో వంతు), 1.1 ఎంబీ లోపే. ఇవి కుదించకముందు లెక్కలు. డీపీఐని 150కి దించితే చుక్కలు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతాయి. అందుకే సైజు తగ్గించాల్సింది స్కానర్ దగ్గర, తర్వాత కాదు.

అయితే తెలుగు కాయితానికి ఇంగ్లీషు కాయితం కొలత పనికిరాదు. మన ఒత్తులు గీత కింద చిన్నగా ఉంటాయి. థ కడుపులో చుక్క చెరిగితే ధ అవుతుంది, ధ కింది గీత పోతే ద అవుతుంది. 100 డీపీఐ దగ్గర, జేపెగ్ (బొమ్మల్ని కుదించి దాచే పద్ధతి) క్వాలిటీ కూడా తగ్గిస్తే, మొదట పోయేవి ఇవే. టైపు చేసిన సర్టిఫికెట్, మెమోలకు 200 డీపీఐ గ్రేస్కేల్ చాలు. చేతిరాత పహాణీ, మడతలు పడ్డ సాదాబైనామా (తెల్లకాయితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రం) అయితే 300 ఉంచండి. ముద్ర వెలిసిపోయిన కాయితాలకు, రంగు స్టాంపు పేపర్లకు నలుపు-తెలుపు పెట్టొద్దు: ముద్ర మాయమవుతుంది, లేదా పేపర్ రంగంతా నల్ల మచ్చ అవుతుంది.

అంకెల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని కుదింపు పద్ధతులు ఒకేలా కనిపించే గుర్తుల్ని ఒక్కసారే దాచి, మిగతా చోట్లా దాన్నే అతికిస్తాయి. దీనివల్ల స్కాన్ చేసిన కాగితాల్లో 6 కాస్తా 8గా మారుతోందని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ చూపించాడు. మసకగా ఉంటే మనకు అనుమానమైనా వస్తుంది. ఇక్కడ తప్పు అంకె కూడా స్పష్టంగానే ఉంటుంది. 168 కాస్తా 188 అయితే అది వేరేవాళ్ల భూమి. అప్‌లోడ్ చేసేముందు సర్వే నంబరు, ఎకరాలు-గుంటలు అసలు కాయితంతో పక్కపక్కన పెట్టి చదవండి.

ఫోన్‌తో తీసేవాళ్లు మామూలు కెమెరా వాడొద్దు. కాయితంతోపాటు బల్ల, నీడ, చేతివేళ్లు కూడా ఫైల్‌లోకి వస్తాయి. గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ అంచులు కత్తిరించి ఇస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది తనంతట తానే చుక్కలు తగ్గించేస్తుంది.

వర్డ్ ఫైల్‌లో బొమ్మను మూల పట్టుకుని చిన్నది చేస్తే బరువు తగ్గదు. బొమ్మ మీద నొక్కి, కంప్రెస్ పిక్చర్స్‌కు వెళ్లి, కత్తిరించిన భాగాలు తొలగించమని టిక్ పెట్టి, 150 పీపీఐ (ఇదీ అంగుళానికి చుక్కల లెక్కే) ఎంచుకోండి. తర్వాత నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రింట్ తీసి మళ్లీ స్కాన్ చేస్తే అక్షరాలన్నీ బొమ్మలైపోయి, కేబీల్లో ఉండాల్సింది ఎంబీల్లోకి పోతుంది.

ఇప్పటికే స్కాన్ అయిపోయిన పీడీఎఫ్ ఉంటే, మన కంప్యూటర్‌లోనే నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్ డ్రాలో తెరిచి, ఎక్స్‌పోర్ట్‌లో ఇమేజ్ రిజల్యూషన్ 200 (చేతిరాత కాయితమైతే 300), జేపెగ్ క్వాలిటీ 75-80 పెట్టండి. ఆధార్, పాస్‌బుక్ తెలియని సైట్లకు ఎక్కించే అవసరం ఉండదు. టైపు చేసిన తెలుగు పీడీఎఫ్‌ను మాత్రం దాంట్లో తెరవొద్దు, అక్షరాలు చెదిరిపోవచ్చు. కుదించిన దాన్నే మళ్లీ కుదిస్తే ప్రతిసారీ అక్షరం అంచులు అరుగుతాయి, కాబట్టి మొదటి స్కాన్ విడిగా దాచుకోండి. జిప్ చేసినా లాభం లేదు, జేపెగ్ అప్పటికే కుదించి ఉంటుంది.

వెబ్‌సైట్‌లో పెట్టే పెద్ద పీడీఎఫ్‌ల సంగతి వేరు. మామూలు పీడీఎఫ్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే చిట్టా చివర ఉంటుంది. క్యూపీడీఎఫ్ అనే ఉచిత టూల్‌తో లీనియరైజ్ చేస్తే (లోపలి భాగాల వరస మారిస్తే) సైజు తగ్గదు గానీ, మొదటి పేజీకి కావాల్సినదంతా ముందుకొస్తుంది. సర్వర్ ఫైల్‌ను ముక్కలుగా పంపగలిగితే, సిగ్నల్ సరిగ్గా అందని అమ్రాబాద్ వైపు కూడా మొదటి పేజీ ముందే తెరుచుకుంటుంది, మిగతావి వెనకాల వస్తుంటాయి.